జిరో సంగీతోత్సవానికి వెళ్తున్న మన రాయగడ, గుణుపురం పిల్లలకు బహిరంగ లేఖ

ప్రియమైన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు,

సెప్టెంబరు చివర్లో అరుణాచల్ ప్రదేశ్‌లో జరిగే జిరో సంగీతోత్సవానికి ఒడిశాలోని మన రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి నుంచి మీరంతా కలిసి బయల్దేరుతున్నారని తెలిసింది. చాలా సంతోషించాను. పాట వినడానికి దేశం ఆ చివరిదాకా పోయి, నాలుగు రోజులు టెంట్లలో ఉండటానికి సిద్ధపడిన పిల్లలు మన ఊళ్లలో ఉన్నారంటే గర్వంగా ఉంది. టెంటు అద్దె ఎంత, ఈసారి ఏ బ్యాండ్లు వస్తున్నాయి, ఫొటోలకు ఏ చోటు బాగుంటుంది అని మీలో చాలామంది అడుగుతున్నారు. నేను అక్కడికి వెళ్లొచ్చినదాన్ని కాబట్టి అడుగుతారు, అది సహజమే. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే మీతో పాటు మీ అమ్మానాన్నలు కూడా చదువుకునేలా రాస్తే మేలనిపించింది.

నేను మీ నుంచి కోరేది ముందే చెప్పేస్తాను. మనం కొండల నీడన పుట్టి పెరిగినవాళ్లం. బుధవారం చాటికోన సంతలో ఏం జరుగుతుందో మనకు తెలుసు. డోంగ్రియా గిరిజన ఆడవాళ్లు తెల్లవారకముందే నియమగిరి కొండలు దిగి వచ్చి పసుపు, అల్లం, పనసకాయలు కుప్పలు పోసుకుని కూర్చుంటారు. ఎక్కడినుంచో కార్లలో వచ్చినవాళ్లు ఏమీ కొనరు, పలకరించరు. ముఖానికి జానెడు దూరంలో కెమెరా పెడతారు. ఆమె చేయి అడ్డం పెట్టుకుంటే రెండో పక్కకు తిరిగి మళ్లీ తీస్తారు. నెలల తరబడి కూర్చుని చేత్తో కుట్టిన శాలువాను సగానికి సగం ధరకు బేరమాడతారు. ఆ శాలువాకు 2024లో జీఐ, అంటే ఫలానా ప్రాంతపు ప్రత్యేక వస్తువన్న గుర్తింపు, వచ్చింది, అయినా బేరం తగ్గలేదు. అటు దేవమాలి కొండ మీద రాత్రి టెంట్లు వేసుకుని, పొద్దున్నే ఖాళీ సీసాలు గడ్డిలో వదిలేసి వెళ్లిపోయేవాళ్లనూ చూశాం. అప్పుడు మన కడుపు ఎంత రగిలిపోతుందో నేను చెప్పక్కర్లేదు. జిరోలో బయటినుంచి వచ్చేది మనమే. మనల్ని చూసి అక్కడివాళ్ల కడుపు అలా రగలకూడదు. నేను రాసే ప్రతి జాగ్రత్త వెనకా ఉన్నది ఈ ఒక్క కోరికే. సరిగ్గా సిద్ధపడకుండా వెళ్లినవాడి భారం మోసేది పక్కవాళ్లు, ఆ ఊరివాళ్లు.

జిరో అనేది లోయర్ సుబన్‌సిరి జిల్లాలో, సముద్రమట్టానికి 1,500 మీటర్లకు పైన ఉన్న లోయ. అపతానీలు అనే గిరిజనుల ఊళ్లు, వాళ్ల పొలాలు, వెదురు తోపులు, పైన్ చెట్ల కొండలు. 2012లో అక్కడివాడైన బాబీ హానో, ఢిల్లీ సంగీతకారుడు అనూప్ కుట్టి కలిసి ఈ పండగ మొదలుపెట్టారు. వేదికలు దాదాపు మొత్తం వెదురుతోనే కడతారు, కట్టేది ఆ ఊళ్లవాళ్లే. సూర్యుడి పేరుతో పగటి వేదిక, చంద్రుడి పేరుతో రాత్రి వేదిక. ఈశాన్య రాష్ట్రాల బ్యాండ్లు ఎక్కువ, బయటి దేశాలవాళ్లూ వస్తారు. పేరున్నవాళ్ల కోసమే ఆగిపోకండి. మధ్యాహ్నం ఎండలో, ముందర యాభై మంది కూడా లేనప్పుడు, ఏ నాగాలాండ్ పిల్లో తన భాషలో ఒంటరిగా పాడుతుంటుంది. చేతిలో ఏ పని ఉన్నా పక్కన పెట్టి అది వినండి.

ప్రయాణం సంగతికొస్తాను. అరుణాచల్‌లో అడుగు పెట్టాలంటే మనలాంటి బయటి రాష్ట్రాలవాళ్లకు ఇన్నర్ లైన్ పర్మిట్ తప్పనిసరి. 1873 నాటి బ్రిటిష్ చట్టం నుంచి వస్తున్న నియమం ఇది, ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే తీసుకోవచ్చు. ఆధార్ మీద ఉన్న పేరు, పర్మిట్ మీద పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. మనవాళ్లకు తెలుగులో ఒక ఇంటిపేరు, ఒడియా సర్టిఫికెట్లలో ఇంకో రకం స్పెల్లింగు ఉండటం మామూలే కదా, అందుకే చెప్తున్నాను. ఫోన్‌లో పీడీఎఫ్ ఉందని ధీమాగా ఉండకండి. రెండు ప్రింట్లు తీసి రెండు వేర్వేరు చోట్ల పెట్టుకోండి.

రాయగడ నుంచి విజయనగరం చేరి, అక్కడ అస్సాం వైపు వెళ్లే దూరప్రయాణపు రైలు ఎక్కాలి. గువాహటి నుంచి నహర్లగున్‌కు రాత్రిపూట దోన్యి పోలో ఎక్స్‌ప్రెస్ ఉంది. నహర్లగున్ నుంచి జిరో దాదాపు 100 కిలోమీటర్లు, షేరింగ్ సుమో జీపుల్లో వెళ్లాలి. మైదానంలో వంద కిలోమీటర్లు వేరు, ఆ ఘాట్ రోడ్డులో వేరు. వాన పడి కొండచరియ జారిందంటే ముందరి బండ్లన్నీ కదిలేదాకా మీరూ కదలరు. అందుకని పండగ మొదలయ్యే రోజు పొద్దున చేరేలా కాకుండా, ఒక రోజు ముందే జిరోలో ఉండేలా లెక్క వేసుకోండి. తిరుగు ప్రయాణంలో కూడా రైలుకీ రైలుకీ మధ్య బాగా ఎడం పెట్టుకోండి. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటుంది. దసరా దగ్గరపడిన ఏడాదైతే బెంగాల్ మీదుగా వెళ్లే రైళ్లలో బెర్తులు మొదటి రోజే అయిపోతాయి.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. అక్కడ పొద్దు చాలా తొందరగా వాలిపోతుంది. మన దగ్గర సెప్టెంబరు చివర్లో ఐదూ ముప్పావుకి సూర్యుడు కుంకితే, అక్కడ ఐదుంపావు లోపే కుంకుతాడు. చేరినరోజు సాయంత్రం నాలుగింటికి సుమో దిగి టీ తాగుతూ కూర్చుంటే, టెంటు వేసేది చీకట్లోనే. దిగగానే మొదటి పని టెంటు, తర్వాతే టీ.

ఇప్పుడు సామాను. సుమో ఆగిన చోటి నుంచి మీ టెంటు దాకా బ్యాగ్ మోసేది మీరే, అదీ బురదలో. బ్యాగ్ సర్దాక భుజాన వేసుకుని మజ్జిగౌరమ్మ గుడి దాకా నడిచి రండి. దారిలో ఎక్కడైనా దించాలనిపించిందంటే ఇంటికొచ్చి సగం తీసేయండి. జీన్స్ అసలు వద్దు, ఒకసారి తడిసిందంటే ఆ చలికి రెండు రోజులైనా ఆరదు. తొందరగా ఆరే ప్యాంట్లు రెండు, ఉన్ని స్వెట్టర్ ఒకటి, మోకాళ్ల దాకా వచ్చే రెయిన్‌కోటు, తలకు పెట్టుకునే టార్చి. మేజోళ్లు మాత్రం ఎన్ని ఎక్కువుంటే అంత మంచిది. ఒక జత ప్లాస్టిక్ కవర్లో చుట్టి, ఏం జరిగినా సరే పడుకునే వేళకు తప్ప తీయకండి. పాదాలు రాత్రంతా పొడిగా ఉంటే మర్నాడు నడవగలరు. రోజుల తరబడి తడి బూట్లలో ఉంటే చర్మం తెల్లగా నాని, పగిలి, ఆఖరి రోజుకి అడుగు వేయలేరు. గమ్ బూట్లు ఇక్కడినుంచి మోసుకుపోవద్దు, జిరో పక్కనే ఉన్న హపోలి బజార్లో దొరుకుతాయి. అక్కడి రైతులు రోజూ వేసుకునేవి అవే. కొంటే ఆ ఊరి దుకాణానికీ నాలుగు డబ్బులు.

టెంటు గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే రాత్రి నిద్ర దీని మీదే ఆధారపడి ఉంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను చూసిన గుణుపురం, పర్లాకిమిడి పిల్లలకు గాలివాన అంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో ఎగిరిపోయిన రేకుల చోట టార్పాలిన్ కట్టిన మీ నాన్నలు, బాబాయిలు ఇళ్లలోనే ఉన్నారు. ముడి ఎలా వేయాలో, తాడు ఎంత బిగించాలో వాళ్ల దగ్గర నేర్చుకోండి. టెంటు కింద పరిచే పట్టా, టెంటు అడుగుకంటే నాలుగు వేళ్లు లోపలికే ఉండాలి. బయటికి పొడుచుకొచ్చిందా, పైనుంచి జారిన వాన నీళ్లన్నీ ఆ అంచు మీద పడి, పట్టాకీ టెంటుకీ మధ్యకు చేరతాయి. అర్ధరాత్రి వీపు కింద చల్లగా తగిలినప్పుడు టెంటు చిరిగిందనుకుంటారు. చిరగదు, నీళ్లు కిందినుంచి వస్తాయి. పై గుడ్డ, లోపలి గుడ్డ ఒకదానికొకటి ఎక్కడా ఆనకూడదు. ఆనిన చోట చెమ్మ లోపలికి దిగుతుంది. మేకులు నిలువుగా కాకుండా, తల టెంటుకు ఎడంగా వాలేలా దిగ్గొట్టాలి. మడి పక్కన పల్లంగా, మెత్తగా, పరుపులా కనిపించే చోటు చూసి మురిసిపోయి టెంటు వేయొద్దు. వాన పడితే నీళ్లు ముందు చేరేది అక్కడికే. అద్దె టెంటు తీసుకున్నవాళ్లు కూడా లోపలికి సామాను పెట్టేముందు ఇవన్నీ ఒకసారి చూసుకోండి, సరిగా లేకపోతే అప్పుడే అడగండి.

రాత్రి చలికి వణుకు పుడుతుంది. కొరాపుట్‌లో డిసెంబరు చూసినవాళ్లు తట్టుకుంటారు, మిగతావాళ్లకు మంచి స్లీపింగ్ బ్యాగ్ ఉండాల్సిందే. ఎంత చలేసినా సరే, నిప్పు టెంటు లోపలికి తేవద్దు. బొగ్గుల కుంపటి గానీ, చిన్న గ్యాస్ స్టవ్ గానీ, ఆరిపోయినట్టు కనిపించే నిప్పుకణికలు గానీ ఏవీ వద్దు. మూసిన టెంటులో వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగుండదు, వాసన ఉండదు. తలనొప్పిగా ఉందని పడుకున్నవాళ్లు మళ్లీ లేవరు. ఈ ఉత్తరంలో మిగతావన్నీ మర్చిపోయినా ఇది మాత్రం మర్చిపోకండి. చలి కాచుకోవాలంటే బయట, నిర్వాహకులు వేసిన మంట దగ్గర కాచుకోండి, తడి బట్టలు మార్చుకుని లోపలికి వెళ్లండి.

చెవుల సంగతి కూడా. వేదిక ముందు స్పీకర్ల పక్కన నిలబడితే ఒళ్లంతా అదిరి భలే ఉంటుంది, నిజమే. కానీ చెవి లోపల పాడైన కణాలు మళ్లీ పుట్టవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇలాంటి కచేరీలకు సగటు శబ్దం 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రమాణం పెట్టింది. మన దసరా ఊరేగింపుల్లో డీజే బండ్ల వెనక నడిచి వచ్చాక చెవుల్లో గుయ్యిమనేది గుర్తుంది కదా, అది దెబ్బ తగిలిందనడానికి గుర్తే. మందుల షాపులో దొరికే మెత్తటి ఇయర్ ప్లగ్‌లు ఒక్కో జత పెట్టుకోండి. మీలో వాయించేవాళ్లూ పాడేవాళ్లూ ఉన్నారు, వాళ్లకు ఇది మరీ ముఖ్యం.

మైదానంలో తిరగడం గురించి అమ్మానాన్నలకే ఎక్కువ టెన్షన్, అది నాకు తెలుసు. జనం ఎక్కువైన చోట ఫోన్ పలకదు, మెసేజ్ గంట తర్వాత వస్తుంది. అందుకని ఫోన్‌ను నమ్ముకోకుండా ఒక ఏర్పాటు చేసుకోండి. చేరిన రోజు వెలుగుండగానే అందరూ కలిసి ఒక రౌండ్ నడవండి. మంచినీళ్లు, మరుగుదొడ్లు, ప్రథమ చికిత్స టెంటు, బయటికి దారి ఎక్కడున్నాయో కాళ్లకు తెలియాలి. కదలని గుర్తు ఒకటి, పెద్ద చెట్టో వంతెనో, మీ కలిసే చోటుగా పెట్టుకోండి. జెండాలు, దుకాణాల బోర్డులు వద్దు, అవి మర్నాటికి మారిపోతాయి. మధ్యాహ్నం ఒకసారి, పొద్దు వాలే ముందు ఒకసారి, రాత్రి పాట అయిపోగానే ఒకసారి అక్కడ చేరాలి. పాట మధ్యలో ఉన్నా సరే రావాలి. ఎవరైనా రాకపోతే మిగతావాళ్లు వెతకాలి, "వచ్చేస్తుందిలే" అని టెంటుకు పోకూడదు. అందరి జేబులోనూ ఒక చీటీ ఉండాలి. పేరు, రక్తం గ్రూపు, ఇంటి నంబరు, పక్క టెంటువాళ్ల నంబరు అందులో రాసుకోండి, పెన్నుతో.

చీకటి పడ్డాక ఎవరూ ఒంటరిగా తిరగొద్దు. ఆడపిల్లలకు ఒక్కళ్లకే చెప్పే మాట కాదిది, మగపిల్లలకూ అంతే వర్తిస్తుంది. రాత్రి మరుగుదొడ్డికి వెళ్లాలన్నా ఇంకొకళ్లను లేపండి. లేపితే విసుక్కునేవాళ్లతో ఒకే టెంటులో ఉండకండి. టెంట్లలో కాకుండా ఊళ్లో హోమ్‌స్టేలో దిగేవాళ్లు తిరిగి వెళ్లే బండి సంగతి పొద్దున్నే మాట్లాడుకోవాలి. అర్ధరాత్రి దాటాక రోడ్డు మీద ఆటో దొరుకుతుందని అనుకోవద్దు. తాగి నడిపే బండి ఎక్కవద్దు, ఎంత పరిచయం ఉన్నవాడిదైనా. మనవాళ్లలో ఎవరైనా తాగి పడిపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఒకళ్లు పక్కనే ఉండి, ఇంకొకళ్లు వైద్యసాయం కోసం పరిగెత్తండి. ఇంట్లో తెలుస్తుందేమోనని దాచిపెట్టడం వల్ల పోయే ప్రాణాలు ఉంటాయి. అమ్మానాన్నలూ, ఈ ఒక్క విషయంలో మీరు కూడా పిల్లలకు మాట ఇవ్వండి, ముందు సాయం, తర్వాతే తిట్లు అని.

చెల్లెళ్లకు ఒక మాట. నెలసరి తేదీ దగ్గరున్నా లేకపోయినా ప్యాడ్లు తీసుకెళ్లండి, ప్రయాణాల్లో తేదీలు తప్పొచ్చు. వాడినవి చుట్టడానికి నల్ల కవర్లు ఒక కట్ట పెట్టుకోండి. గుంతల మరుగుదొడ్లలో వేస్తే వాటిని చేత్తో తీసేది ఆ ఊరివాళ్లే. చెత్తకుండీ నిండిపోయి ఉంటే మీ చెత్త మీ బ్యాగ్‌లోనే నహర్లగున్ దాకా తీసుకురండి. సీసాలు, చిప్స్ కవర్లు, తడి తుడిచే కాగితాలు అన్నిటికీ ఇదే లెక్క.

తిండి దగ్గర పేచీ పెట్టకండి. మొదటి రోజుకు పులిహోర, తర్వాతకు అటుకులు, బెల్లం, వేయించిన పల్లీలు, కాస్త చోడిపిండి (రాగిపిండి) పెట్టుకుంటే ఆకలి వేళ గడిచిపోతుంది. ఓఆర్ఎస్ ప్యాకెట్లు, పారాసిటమాల్, మీరు రోజూ వేసుకునే మందులు మరిచిపోవద్దు. అక్కడ దుకాణాల్లో పంది మాంసం, వెదురు కొమ్ముల కూరలు ఎక్కువ. మన కొరాపుట్ కొండల్లోనూ వెదురు కొమ్ములు తింటారు కదా, కొత్తేం కాదు. తినని వాళ్లు అన్నం, పప్పు అడిగి తీసుకోండి. వండిన మనిషి ముందు ముక్కు మూసుకోవడం మాత్రం చేయకండి. నగదు చేతిలో ఉంచుకోండి, నెట్ లేనప్పుడు యూపీఐ పనిచేయదు.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. మీరు వెళ్లే సమయానికి అక్కడ వరి పండి ఉంటుంది. అపతానీలు ఒకే మడిలో వరీ చేపలూ పెంచుతారు. గట్ల మీద మన లాగే చోళ్లు వేస్తారు. ట్రాక్టర్లు లేకుండా, ఎద్దులు కూడా లేకుండా, మనుషుల చేతులతో సాగుచేసే పొలాలవి. ఆ సాగు పద్ధతికి ఉన్న విలువ చూసే ఆ లోయ 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలోకి ఎక్కింది. గట్టు మీద నిలబడి ఫొటో దిగడానికి చోళ్ల మొక్కలు తొక్కితే, ఎవరో ఏడాదంతా తినే గింజ తొక్కినట్టే. గట్టు తెగితే మడిలో నీళ్లు పోతాయి, నీళ్లతో చేపలూ పోతాయి. నడవడానికి వాళ్లు నడిచే దారులే వాడండి. సందేహం ఉంటే అడగండి, చెప్తారు.

పాత తరం అపతానీ ఆడవాళ్ల ముఖాల మీద పచ్చబొట్లు, ముక్కుపుటాలకు పెద్ద బిళ్లలు ఉంటాయి. ఇప్పటి తరం అవి పెట్టుకోవడం మానేసింది, అందుకే కెమెరాలన్నీ ఆ ముసలమ్మల వెంటే పడతాయి. మీరు పడొద్దు. చాటికోనలో ఆ చేయి ఎందుకు అడ్డం వస్తుందో తెలిసినవాళ్లు మీరు. ముందు కూర్చోండి, పలకరించండి, వాళ్ల భాష రాకపోతే నవ్వినా చాలు. అడిగి, ఆమె సరేనంటేనే తీయండి. వద్దంటే దండం పెట్టి వచ్చేయండి. ఆమె ఇంటి ముందు ఏదైనా అమ్ముతుంటే కొనండి, చెప్పిన ధరకే కొనండి. ఎవరి కొండ వాళ్లకు ఎంత పవిత్రమో మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. 2013లో రాయగడ, కలహండి జిల్లాల 12 గ్రామసభలు నియమగిరిలో గనులు వద్దని ఒక్క గొంతుతో చెప్పినప్పుడు మనమంతా ఇక్కడే ఉన్నాం. జిరోలో చెట్టుకింద కట్టిన వెదురు అల్లికలు, పూజ గుర్తులు కనిపిస్తే ముట్టుకోకండి, వాటిమీద బట్టలు ఆరేయకండి.

పిల్లల్ని పంపాలా వద్దా అని ఆలోచిస్తున్న తల్లిదండ్రులకు నా సలహా, పంపండి. ఎవరితో వెళ్తున్నారు, ఏ రైలు, ఎక్కడ దిగుతారు, ఎప్పుడు ఫోన్ చేస్తారు అన్నవి కాగితం మీద రాయించుకుని పంపండి. రోజుకు ఒకసారి, పొద్దున పూట, ఫోన్ కలిసే చోటుకు వెళ్లి పలకరిస్తే చాలని ఒప్పందం చేసుకోండి. మధ్యాహ్నం ఫోన్ ఎత్తలేదని కంగారుపడి పది మందికి ఫోన్లు చేయొద్దు.

వెళ్లేవాళ్లందరూ బయల్దేరే రెండు వారాల ముందు ఒక ఆదివారం పొద్దున్న మా ఇంటికి రండి. మీ టెంట్లు, మీ టార్పాలిన్లు, సర్దిన బ్యాగులు తెచ్చుకోండి. డాబా మీద టెంట్లు వేసి, ట్యాంకు పైపుతో ఒక పావుగంట వాటి మీద నీళ్లు కొడదాం. ఎవరి టెంటు ఎక్కడ కారుతుందో అక్కడే తెలుస్తుంది, అతుకులు ఇక్కడే వేసుకుందాం. డాబా మీద మేకులు దిగవు కాబట్టి తాళ్లు కట్టడానికి ఇటుకలు నేను చూసి పెడతాను. పర్మిట్ ప్రింట్లు, ఆధార్ కాపీలు కూడా తెండి, పేర్లు ఒకసారి సరిచూద్దాం. ఆడపిల్లల అమ్మలు వస్తానంటే తప్పకుండా తీసుకురండి, ఎన్ని ప్రశ్నలడిగినా ఓపిగ్గా చెప్తాను.

మీ అక్క,
రాయగడ